గంటి మోహనచంద్ర బాలయోగి: జిల్లా పరిషత్తు నుంచి లోక్‌సభ స్పీకరు పీఠం దాకా

గంటి మోహనచంద్ర బాలయోగి (1951 అక్టోబరు 1 – 2002 మార్చి 3) కోనసీమ నుంచి ఎదిగిన రాజకీయ నాయకుడు, న్యాయవాది, 12, 13 లోక్‌సభల స్పీకరు. ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. తెలుగు నేల నుంచి మాడభూషి అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డి తర్వాత ఆ పీఠమెక్కిన మూడో వ్యక్తి. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షుడైన మనిషి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. మధ్యలో గడిచింది పదకొండేళ్లే. ఆ పదకొండేళ్లలో గెలుపులతో పాటు ఒక ఓటమి కూడా ఉంది.

ఎదుర్లంక

ఆయన సొంతూరు ఎదుర్లంక. గౌతమీ గోదావరి ఒడ్డున, యానాంకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇప్పుడు ఐ.పోలవరం మండలంలో ఉంది. తల్లిదండ్రులు గన్నయ్య, సత్యమ్మ. ఆయన చిన్నతనంలో ఊళ్లో బడి లేదు. ప్రాథమిక విద్య కోసం పక్కనున్న గుత్తెనదీవికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత ఎం.ఏ., బి.ఎల్. పట్టాలు పొంది 1980లో కాకినాడలో వకీలుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో మొదటి తరగతి మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు గాని, కొద్దికాలానికే రాజీనామా చేసి మళ్లీ నల్లకోటు వేసుకున్నారు. దళిత కుటుంబం నుంచి వచ్చిన మొదటి తరం చదువరి, చేతికందిన న్యాయాధికారి ఉద్యోగాన్ని వదులుకోవడం ఆ రోజుల్లో చిన్న నిర్ణయం కాదు.

ఆ కాలంలోనే తెలుగుదేశం రాష్ట్ర రాజకీయాలను తిరగరాస్తోంది. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. సమితులు పోయాయి. మండలాధ్యక్షులను, జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షులను ఓటర్లు నేరుగా ఎన్నుకునే చట్టం 1986లో వచ్చింది. పాత కుటుంబాల చేతుల్లో ఉన్న స్థానిక పదవులు కొత్తవాళ్లకు అందడానికి అది దారి తీసింది. బాలయోగి మొదట కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 1987 ఎన్నికల్లో జిల్లా పరిషత్తు అధ్యక్షుడయ్యారు. నేరుగా ఎన్నికైన జిల్లా పరిషత్తు అధ్యక్షుడంటే ఒక ఎమ్మెల్యే కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఓటర్లను ఒప్పించి వచ్చినవాడు. అటు తుని నుంచి ఇటు రాజోలు దాకా మెట్ట, ఏజెన్సీ, డెల్టా అన్నీ కలిసిన పెద్ద జిల్లా అది. బడులు, రోడ్లు, మంచినీళ్లు, టీచర్ల బదిలీలు అన్నీ ఆ కార్యాలయం గుండానే సాగేవి. ఆయన రాజకీయ జీవితానికి గట్టి పునాది పడింది అక్కడేనని చెప్పాలి.

అమలాపురం స్థానం

అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు. 1991లో బాలయోగి తెలుగుదేశం అభ్యర్థిగా అక్కడ నుంచి గెలిచి తొలిసారి దిల్లీ వెళ్లారు. 1996లో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఎస్.ఆర్.మూర్తి చేతిలో ఓడిపోయారు. ఓడిన ఎంపీకి సాధారణంగా ఐదేళ్లు ఎదురుచూడడమే మిగులుతుంది. బాలయోగికి మాత్రం అదే ఏడాది ముమ్మిడివరం అసెంబ్లీ ఉప ఎన్నిక అవకాశంగా వచ్చింది. గెలిచి, చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998 మధ్యంతర ఎన్నికల్లో అమలాపురాన్ని తిరిగి దక్కించుకున్నారు. అలా జిల్లా పరిషత్తు, లోక్‌సభ, శాసనసభ, రాష్ట్ర మంత్రివర్గం అన్నీ చూసి వచ్చిన మనిషి రెండోసారి పార్లమెంటులో అడుగుపెట్టారు.

1998 మార్చి

ఆ ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. తెలుగుదేశానికి 12 మంది ఎంపీలున్నారు. అప్పటిదాకా యునైటెడ్ ఫ్రంట్‌లో ఉన్న ఆ పార్టీ వాజపేయి ప్రభుత్వాన్ని బయటి నుంచి బలపరిచేందుకు మొగ్గింది. స్పీకరు పదవి ఆ పార్టీకి దక్కింది. మార్చి 24న బాలయోగి పేరును సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. ప్రతిపక్షం మాజీ స్పీకరు పి.ఎ.సంగ్మాను ముందుకు తెచ్చినా ఫలితం మారలేదు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. అంతకుముందు ఆ పీఠంలో కూర్చున్నవాళ్లెవరూ అంత చిన్న వయసులో కూర్చోలేదు. దిల్లీ పత్రికలకు ఆయన పెద్దగా తెలియని పేరు.

పరీక్ష నాలుగు నెలలు తిరక్కుండానే వచ్చింది. జులైలో న్యాయశాఖ మంత్రి తంబిదురై మహిళా రిజర్వేషన్ బిల్లును ప్రవేశపెట్టడానికి లేచారు. ఆర్జేడీ సభ్యుడు సురేంద్ర ప్రసాద్ యాదవ్ స్పీకరు బల్ల దాకా వెళ్లి, బిల్లు ప్రతిని లాక్కుని, సభలోనే చించేశారు. చట్టసభ తన ప్రతినిధిగా కూర్చోబెట్టిన మనిషి ముందు నుంచి కాగితాలు గుంజుకోవడం పార్లమెంటు చరిత్రలో మచ్చగా మిగిలిన ఘటన. ఆ బిల్లు అదే ఏడాది డిసెంబరులో గాని సభ ముందుకు రాలేదు.

ఒక్క ఓటు

బాలయోగి పేరు దేశ చరిత్రలో నిలిచే రోజు 1999 ఏప్రిల్ 17. అన్నా డీఎంకే మద్దతు ఉపసంహరించుకోవడంతో వాజపేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం పెట్టింది. ఓటింగుకు గిరిధర్ గమాంగ్ వచ్చారు. ఆయన ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినా ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు, ఇంకా శాసనసభకు ఎన్నికవలేదు. ముఖ్యమంత్రి వచ్చి లోక్‌సభలో ఓటు వేయవచ్చా అన్న అభ్యంతరం లేచింది. బాలయోగి ఆ విషయాన్ని గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270.

బాలయోగి అడ్డుకుని ఉండాల్సిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆయన నిర్ణయాన్ని తూచాలంటే రాజ్యాంగం చూడాలి. చట్టసభ సభ్యుడు కాని వ్యక్తి ఆరు నెలల పాటు మంత్రి పదవిలో ఉండొచ్చని 164వ అధికరణ చెబుతుంది. ఒకే వ్యక్తి పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలోనూ సభ్యుడిగా ఉండకూడదని 101వ అధికరణ చెబుతుంది. గమాంగ్ ఆ రోజుకు ఎమ్మెల్యే కాదు, ఎంపీ మాత్రమే. సభ్యత్వం చట్టప్రకారం ఉన్నవాడి ఓటును స్పీకరు తన ఇష్టం మీద లాగేసుకునే వీల్లేదు. నైతికతను సభ్యుడి మనసుకు వదిలి, హక్కు జోలికి పోకపోవడం సరైన తీర్పే.

ఇంకో సంగతి జనం తక్కువగా చెప్పుకుంటారు. 100వ అధికరణ ప్రకారం స్పీకరు మామూలుగా ఓటు వేయడు. రెండు వైపులా సమానమైనప్పుడే ఆయనకు నిర్ణాయక ఓటు వస్తుంది. తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం పక్షాన నిలిచింది. ఆ పార్టీ ఎంపీల్లో ఓటు వేయలేకపోయింది పీఠంలో ఉన్న బాలయోగి ఒక్కరే. ఇటు ఒక్క ఓటు పెరిగినా, అటు ఒక్క ఓటు తగ్గినా ప్రభుత్వ భవిష్యత్తు ఆయన చేతికొచ్చేది. ఫలితం అలా రాలేదు. తమ పార్టీ బలపరిచిన ప్రభుత్వం పడిపోయిందని ప్రకటించాల్సిన బాధ్యత ఆయన మీదే పడింది. ఆయన ఆ అంకెలు చదివి సభకు చెప్పారు. పీఠం పట్ల విధేయత అంటే ఏమిటో అంతకంటే స్పష్టంగా చూపించిన సందర్భం మన పార్లమెంటులో అరుదు.

రెండో విడత

1999 ఎన్నికల్లో అమలాపురం మళ్లీ ఆయననే ఎన్నుకుంది. అక్టోబరు 22న సభ ఆయనను ఏకగ్రీవంగా స్పీకరుగా ఎన్నుకుంది. ఏడాదిన్నర క్రితం పోటీ పెట్టిన పార్టీలు ఈసారి పోటీ పెట్టలేదు. ఆయన తీరుకు వాళ్లిచ్చిన మార్కులు అవి.

సభా మర్యాద ఈ విడతలో ఆయన ప్రధాన పని. 2000 మే 16న లోక్‌సభలో తొలి నైతిక విలువల కమిటీని వేశారు. మాజీ ప్రధాని చంద్రశేఖర్ దానికి అధ్యక్షుడు. 2023లో మహువా మొయిత్రా సభ్యత్వం రద్దుకు సిఫారసు చేసింది ఆ వారసత్వపు కమిటీయే. 2001 నవంబరులో సభాపతులు, ముఖ్యమంత్రులు, పార్టీ నాయకులను దిల్లీకి పిలిచి క్రమశిక్షణ మీద సదస్సు జరిపించారు. పది రోజులు తిరగ్గానే, డిసెంబరు 5న, 374ఎ నియమం వచ్చింది. సభ మధ్యలోకి దూసుకొచ్చి తీవ్రంగా అల్లరి చేసిన సభ్యుడి పేరు స్పీకరు చదివితే చాలు, ఐదు సిట్టింగులు లేదా ఆ సమావేశంలో మిగిలిన రోజులు, వీటిలో ఏది తక్కువైతే అంతకాలం అతను సస్పెండైనట్టే. ఓటింగు అక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న రాష్ట్ర విభజన బిల్లు వచ్చిన రోజు సభలో మిరియాల స్ప్రే ప్రయోగం జరిగింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ఎంపీలను ఈ నియమం కిందే సస్పెండ్ చేశారు. ఆ రోజు పీఠంలో ఉన్నది మీరా కుమార్, బాలయోగి తర్వాత ఆ స్థానానికి చేరిన రెండో దళిత నాయకురాలు.

నియమం వచ్చిన ఎనిమిది రోజులకు, బాలయోగి స్పీకరుగా ఉండగానే, 2001 డిసెంబరు 13న, పార్లమెంటు ప్రాంగణంపై ఉగ్రవాదుల దాడి జరిగింది. అప్పటికి ఉభయ సభలూ వాయిదా పడ్డాయి గాని, ఎంపీలు చాలామంది భవనంలోనే ఉన్నారు.

కైకలూరు

2002 మార్చి 3 ఉదయం భీమవరం నుంచి ప్రైవేటు హెలికాప్టరులో హైదరాబాద్ బయల్దేరారు. కొల్లేటి పక్కన, అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర, చూపు సరిగా ఆనని వాతావరణంలో అది చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగి, ఆయన భద్రతాధికారి, పైలట్ ముగ్గురూ చనిపోయారు. ఆయన వయసు 50. మావలంకర్ తర్వాత పదవిలో ఉండగా మరణించిన రెండో లోక్‌సభ స్పీకరు ఆయన. ఖాళీ అయిన అమలాపురం స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గెలిచారు. కుమారుడు హరీష్ మాధుర్ 2019లో అక్కడే ఓడి, 2024లో గెలిచారు.

ఆయన పేరు చాలా చోట్ల ఉంది. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం, పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని ఆడిటోరియం వాటిలో ముఖ్యమైనవి. కోనసీమ వాసికి మాత్రం బాలయోగి అంటే ముందుగా గుర్తొచ్చేది ఎదుర్లంక – యానాం వారధి. దాదాపు రెండు కిలోమీటర్ల ఆ వంతెన 2002లో తెరుచుకుంది. అంతకుముందు అమలాపురం నుంచి కాకినాడ పోవాలంటే ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గౌతమిని దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. వరద వస్తే పంటు ఆగిపోయేది. రోగినైనా, పరీక్షకు పోయే పిల్లాడినైనా రేవులో నిలబెట్టేసేది. వంతెనతో ఆ బాధ తీరింది.

తీరనిది ఇంకొకటి ఉంది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు సుమారు 57 కిలోమీటర్ల రైలు మార్గం 2000-01లో, ఆయన స్పీకరుగా ఉండగా మంజూరైంది. కోనసీమ జనం దాన్ని ఆయన సాధించిన పనిగానే చెప్పుకుంటారు. పాతికేళ్లు గడిచాయి. గోదావరి పాయల్లో వంతెన స్తంభాలు లేచాయి, నిధులు మాత్రం ఏటా కొద్దికొద్దిగా విదిలిస్తూ వచ్చారు. ఆ మార్గాన్ని పూర్తి చేయడం కోనసీమకు కేంద్రం తీర్చాల్సిన పాత బాకీ.