నిచ్చెన బొమ్మ వెనుక చరిత్ర

ఫ్యాక్టరీ ఆటోమేషన్ అనగానే "అది పెద్ద ఇంజనీర్ల పని, మనకెక్కడ వస్తది" అనుకుంటాం. దాని చరిత్ర ఒకసారి చూడండి.

1960లలో అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో మిషన్లను నడిపింది రిలేలు. ప్యానెళ్ల నిండా రిలేలు, వాటి వైర్లు. కారు మోడల్ మారితే వైరింగ్ విప్పి మళ్లీ చెయ్యాలి. ఆ తిప్పలు పడలేక 1968లో జనరల్ మోటార్స్ వేరే దారి అడిగింది. డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే పీఎల్‌సీ తయారుచేసింది. అది వాళ్ల 84వ ప్రాజెక్టు, అందుకే ఆ పేరు. ఇక వైర్లు పీకే పని లేదు, ప్రోగ్రామ్ మారిస్తే చాలు.

మరి ఆ ప్రోగ్రామ్ ఎవరు రాయాలి? ఫ్యాక్టరీలో ఉన్నది ఎలక్ట్రీషియన్లు. అందుకే వాళ్లకు అలవాటైన రిలే డ్రాయింగ్‌నే భాషగా పెట్టారు. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు. చూడ్డానికి నిచ్చెన, పేరు లాడర్. స్టార్ట్ బటన్ నొక్కితే ఆ మెట్టు మీద దారి పూర్తయి మోటార్ తిరుగుతది. 1993లో ఇది అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. ఇప్పటికీ వాడుతున్నారు.

మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటోణ్ణి నేనే. ఇంగ్లీషు భయం నాకూ తెలుసు. కానీ ఈ బొమ్మలకు మీడియం లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివేటోళ్లు రిలే, కాంటాక్టర్ వైరింగ్ గట్టిగా పట్టుకోండి. మొదటి మెట్టు అదే.