ఆ చప్పుడు వినపడని రాత్రి

పెనుకొండ కొండ కింద మా నాయన జావా ఆపేవాడు. హిందూపురంలో కొన్న పట్టునూలు మూట వెనక సీటు మీద, నేను పెట్రోలు ట్యాంకు మీద. ఇంజను చల్లబడాలనేవాడు గానీ, ఆయన చూపంతా కోట మీదే ఉండేది. 1565లో రక్కసి తంగడి దగ్గర ఓడినాక విజయనగరం ఏలిక హంపి వదిలి ఇక్కడికే వచ్చిందని చెప్పేవాడు. "రాజులే ఊరు మారినారు, మనదెంతరా అబ్బోడా" అంటూ మళ్లీ కిక్కు కొట్టేవాడు.

ఆ కిక్కు కొట్టడమే ఒక విద్య. జావాకు కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే, అదీ ఎడమవైపు. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు; బండి అందుకున్నాక ముందుకు వాల్చితే గేరు. క్లచ్చు పట్టకుండానే గేరు మార్చొచ్చు. సిలిండరు ఒక్కటే అయినా సైలెన్సర్లు రెండు. బంకులో పెట్రోలుతో పాటు ఆయిలు కొలిచి పోయించేటప్పుడు నాయన ఎవరినీ నమ్మేవాడు కాదు, దగ్గర నిలబడి చూసేవాడు. నా స్కూలు బెల్టు బకిలు ట్యాంకు మీద అడ్డంగా గీసిన గీతకు మాత్రం ఒక్కనాడూ కోప్పడలేదు. ధర్మవరంలో మా వీధి మలుపు తిరిగామంటే చాలు, మగ్గాల చప్పుడులో కూడా అమ్మ ఆ బండి చప్పుడు పట్టేసేది. మేం కాళ్లు కడుక్కునేలోపు కంచాల్లో సంగటి ఉండేది.

ఆ బండి పుట్టిల్లు మైసూరు. చెకొస్లొవేకియాలో యానెచెక్ 1929లో మొదలుపెట్టిన జావాను, 1960లో రుస్తుం ఇరానీ, ఫరూక్ ఇరానీ ఐడియల్ జావా పేరుతో మైసూరుకు తెచ్చారు. తర్వాత అదే బండి యెజ్డీ అయింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. పేరుకు తగ్గట్టే రాయలసీమ గుంతల రోడ్ల మీద రాజులాగే తిరిగింది.

1980లు సగానికొచ్చేసరికి జపాను వాళ్ల చేయి కలిసిన వందసీసీ బండ్లు దిగాయి. ఇండ్‌సుజుకి, యమహా ఆర్‌ఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100. హీరో హోండాకు పెట్రోల్లో ఆయిలు కలిపే పనే లేదు, లీటరుకు ఎనభై కిలోమీటర్లన్నారు. మాది ముప్పై ఇస్తే మహాప్రసాదం. ఊళ్లో ఒక్కొక్కరే మారిపోయారు. మైసూరులో మాత్రం ఇంజను మూలం పాతదే. ప్రాణంగా చూసుకున్నవాణ్ణి గనక చెబుతున్నా, మారాల్సిన కాలంలో ఆ బండి మారలేదు. కార్మికుల గొడవలు, అప్పులు, పొగ మీద వచ్చిన నిబంధనలు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. 1996లో కార్ఖానా మూతపడింది.

మా ఇంట్లోనూ అదే కాలం. మగ్గం మీద రోజుల తరబడి నేసిన అంచును మరమగ్గం గంటల్లో దించేస్తోంది. నూలు ధర కొండెక్కింది, చీర ధర దిగింది. అప్పు తీర్చడానికి నాయన బండిని హిందూపురంలో అమ్మేశాడు. తనే నడుపుకుంటూ వెళ్లి, బస్సులో తిరిగొచ్చాడు. ఆ రాత్రి ఆయన గడప దాటి లోపలికి వచ్చేదాకా అమ్మకు తెలియలేదు. పొయ్యి మీద ఎసరు కూడా పెట్టలేదు. నాయన ఏమీ అనకుండా చెంబెడు నీళ్లు తాగి పడుకున్నాడు. తర్వాత ఇంకో బండి కొనలేదు.

2018లో జావా, 2022లో యెజ్డీ కొత్త ఒంటితో మళ్లీ వచ్చాయి. 2019 నుంచి పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. నాయన కోటను చూస్తూ నిలబడిన దారిలో ఇప్పుడు కార్లు మోసే లారీలు పోతుంటాయి.

హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో మీ పెరట్లో గోనెపట్ట కింద పాత జావా ఉంటే దయచేసి గుజిరీకి వేయకండి. ఏటా జులై రెండో ఆదివారం జావా, యెజ్డీల వాళ్లంతా బండ్లు బయటికి తీస్తారు, మీరూ తీయండి. దాని ట్యాంకు మీద బకిలు గీసిన అడ్డగీత కనబడితే, అమ్మమని అడగను. ఒక్కసారి కిక్కు కొట్టి మా అమ్మకు వినిపించండి.