వెనక చూపు: చేతి అద్దం నుంచి కెమెరా దాకా

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని సంపాదక వర్గం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "బడి జ్ఞాపకాలు చాలామంది రాస్తున్నారు, నువ్వు నీ పనికి సంబంధించింది రాయి, ఇప్పుడు చదువుతున్న పిల్లలకూ పనికొస్తుంది" అన్నారు. మూడు దశాబ్దాలుగా వాహన విడిభాగాల డిజైనులోనే ఉన్నాను కాబట్టి, మనం రోజూ చూస్తూ కూడా పట్టించుకోని ఒక వస్తువు చరిత్ర చెబుతాను. అది కారు తలుపులకు చెవుల్లా ఉండే అద్దం. కొన్ని దేశాల్లో ఆ అద్దం తీసేసి, దాని చోట చిన్న కెమెరా, కారు లోపల ఒక తెర పెడుతున్నారు. ఆ మార్పు మంచిదా కాదా తేల్చుకోవాలంటే, అసలు అద్దం ఎందుకొచ్చిందో ముందు తెలియాలి.

మనిషి చోట అద్దం

తొలి కార్లకు అద్దాలు లేవు. వెనక ఏముందో చూడాలంటే తల తిప్పి చూడటమే, లేదా పక్కన కూర్చున్న మనిషి చెప్పాలి. ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే కారు పందేల మహిళ 1909లో ఆడవాళ్ల డ్రైవింగు గురించి ఒక పుస్తకం రాసింది. కారులో ఒక చేతి అద్దం ఉంచుకోండి, ముఖం చూసుకోవడానికే కాదు, అప్పుడప్పుడు పైకెత్తి పట్టుకుంటే వెనక వచ్చేది కనిపిస్తుంది అని అందులో సలహా ఇచ్చింది.

రెండేళ్ల తర్వాత, 1911 మే 30న, అమెరికాలో మొదటి ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెం జరిగింది. ఆ రోజుల్లో పందెం కారులో ఇద్దరు కూర్చునేవారు. ఒకరు డ్రైవరు, రెండోవాడు మెకానిక్. ఇంజను సంగతి చూడటం, వెనక నుంచి ఎవరు దూసుకొస్తున్నారో చెప్పడం మెకానిక్ పని. రే హారౌన్ అనే డ్రైవరు మాత్రం మార్మన్ వాస్ప్ అనే ఒంటి సీటు కారుతో దిగాడు. ఒక్కడే వస్తే వెనక చూసేదెవరు, మా ప్రాణాల మాటేమిటి అని మిగతావాళ్లు అభ్యంతరం చెప్పారు. హారౌన్ తన ముందు ఒక అద్దం బిగించుకున్నాడు. ఎప్పుడో షికాగోలో ఒక గుర్రపు బండికి అలాంటి అద్దం చూశానని చెప్పేవాడు. 6 గంటల 42 నిమిషాల్లో పందెం పూర్తిచేసి గెలిచాడు. ఇటుకలు పరిచిన ఆ దారి కుదుపులకు అద్దంలో ఏమీ సరిగా కనిపించలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

మన తరానికి ఈ కథ కొత్తేమీ కాదు. లారీకి ఎడమ పక్క క్లీనరు, ఆర్టీసీ బస్సుకు కండక్టరు చేసింది ఆ మెకానిక్ పనే. "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... చాలు" అని బండి బాడీ మీద చరుస్తూ వెనక్కి రప్పించిన క్లీనర్లను, "రైట్ రైట్" అంటేనే కదిలిన బస్సులను చూస్తూ బడికి వచ్చినవాళ్లం. వెనక చూపు అంటే మొదట ఒక మనిషి ఉద్యోగం. అద్దం ఆ మనిషి చోటికి వచ్చింది.

చట్టం ఆలస్యంగా వస్తుంది

1920ల ఆరంభంలో ఎల్మర్ బెర్గర్ అనే అమెరికన్ కారు అద్దాన్ని సరుకుగా అమ్మడం మొదలుపెట్టాడు. దానికి పెట్టిన పేరుకు అర్థం 'పోలీసును పసిగట్టేది'. వేగంగా పోయేవాళ్లు వెనక పోలీసు బండి వస్తోందా అని చూసుకోవడానికట! భద్రత మాట చట్టంలోకి రావడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో కొత్త కార్లకు లోపలి అద్దం, డ్రైవరు వైపు బయటి అద్దం తప్పనిసరి చేసింది 1968 నుంచే.

జపాన్ కథ ఇంకా వింత. అక్కడ 1983 దాకా అద్దాలు తలుపు మీద కాదు, ముందు చక్రాల పైనున్న మడ్‌గార్డుల మీద ఉండాలని నిబంధన. ఆ తర్వాత తలుపు అద్దాలకు అనుమతి వచ్చింది. అయినా చాలా టాక్సీలు పాత పద్ధతినే ఉంచుకున్నాయి, తల పెద్దగా తిప్పక్కరలేదని. చూపు పెద్దగా పక్కకు పోనక్కరలేని చోట అద్దం ఉండటం ఎంత మేలో టాక్సీ డ్రైవరుకు తెలుసు.

మన దేశంలో ఎడమ వైపు అద్దం చాలాకాలం అదనపు హంగే. తక్కువ ధర మోడల్ కొన్నవాళ్లం షోరూం నుంచి బయటికొచ్చాక, యాక్సెసరీస్ షాపులో విడిగా బిగించుకునేవాళ్లం.

పదో తరగతి లెక్క

పిల్లల కోసం ఇక్కడ ఒక చిన్న లెక్క. వాహనాల్లో కుంభాకార దర్పణం వాడతారని మన సైన్సు మాస్టారు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు, మీకూ చెప్పే ఉంటారు. ఎక్కువ వెడల్పు కనిపిస్తుంది, కానీ ప్రతిబింబం చిన్నది. ఎంత చిన్నది?

ఎడమ అద్దం వక్రతా వ్యాసార్థం 1.2 మీటర్లు అనుకుందాం. నాభ్యంతరం 0.6 మీటర్లు. అద్దానికి 30 మీటర్ల వెనక ఒకటిన్నర మీటర్ల ఎత్తు కారు వస్తోంది. దర్పణ సూత్రం వాడితే ప్రతిబింబం అద్దం లోపల సుమారు 59 సెంటీమీటర్ల దూరంలో, 3 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తులో ఏర్పడుతుంది. డ్రైవరు కన్ను అద్దానికి 1.2 మీటర్ల దూరంలో ఉంటే, ఆ కారు దాదాపు 90 మీటర్ల దూరంలో ఉన్నంత చిన్నగా కనిపిస్తుంది. అందుకే 'అద్దంలో కనిపించే వస్తువులు నిజానికి ఇంకా దగ్గరలో ఉన్నాయి' అని అద్దం మీదే ఇంగ్లీషులో రాస్తారు. ఇందులో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ ప్రతిబింబం కంటికి సుమారు 1.8 మీటర్ల దూరంలో ఉంది. దీనితో తర్వాత పని పడుతుంది.

అద్దం చోట కెమెరా

కెమెరా ఆలోచన మనం పుట్టకముందుదే. 1956లో జనరల్ మోటార్స్ ప్రదర్శనకు పెట్టిన బ్యూక్ సెంచూరియన్ కారులో అద్దం బదులు వెనక ఒక టీవీ కెమెరా, ముందు ఒక తెర పెట్టారు. అది ప్రదర్శన దగ్గరే ఆగిపోయింది. 1991లో టొయోటా తన సోరర్ కారులో రివర్సు కెమెరా ఇచ్చింది. ఆ కెమెరాకు చట్టబద్ధమైన స్థానం రావడం వెనక ఒక విషాదం ఉంది. 2002లో అమెరికాలో ఒక తండ్రి ఇంటి ముందు బండి వెనక్కి తీస్తుండగా, ఏ అద్దంలోనూ కనిపించని తన రెండేళ్ల కొడుకు దాని కింద పడి చనిపోయాడు. ఆ బాబు పేరుతో 2008లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం 2018 మే నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకూ వెనక కెమెరా తప్పనిసరి. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు రివర్సు పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు.

పక్క అద్దం తీసేయడం వేరే కథ. వోక్స్‌వాగన్ ఎక్స్‌ఎల్1 అనే కారును 250 మాత్రమే తయారుచేయాలని పెట్టుకుంది. గాలిని చీల్చుకుపోవాలని దానికి అద్దాలు పెట్టలేదు, కెమెరాలే. 2016లో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 46వదాన్ని సవరించి, అద్దం బదులు కెమెరా, తెర వాడుకోవచ్చన్నారు. జపాన్ అదే ఏడాది అనుమతించింది. 2018 అక్టోబరులో అక్కడ లెక్సస్ ఈఎస్ కారు ఆ ఏర్పాటుతో అమ్మకానికి వచ్చింది. తర్వాత ఆడి ఈ-ట్రాన్, 2020లో హోండా ఈ వచ్చాయి. చైనా 2023 జులై నుంచి అనుమతించింది. అమెరికాలో కంపెనీలు 2014లోనే అర్జీ పెట్టాయి, 2019లో ప్రభుత్వం ప్రజాభిప్రాయం కోరింది, అయినా అద్దం నిబంధన ఎత్తేయలేదు.

లాభం ఎవరికి?

రివర్సు కెమెరా వల్ల లాభం వెనకున్న పసివాడిది. పక్క కెమెరా వల్ల మొదటి లాభం బ్యాటరీది. అద్దాలు గాలికి అడ్డం పడతాయి. ఈ-ట్రాన్‌లో అద్దాల బదులు కెమెరాలు పెడితే గాలి నిరోధక గుణకం 0.28 నుంచి 0.27కు తగ్గింది. ఇది ఎంత మేలో చూద్దాం. కారు ఎదురు వైశాల్యం 2.6 చదరపు మీటర్లు అనుకొని నేను వేసిన లెక్క ఇది. 110 కిలోమీటర్ల వేగంలో గాలిని తోయడానికి దాదాపు 12.5 కిలోవాట్లు కావాలి. కెమెరాలతో అందులో సుమారు 445 వాట్లు మిగులుతాయి. మంచిదే. కానీ గాలికి అయ్యే ఖర్చు వేగానికి ఘనంలో మారుతుంది. ఊళ్లో 30 కిలోమీటర్ల వేగంలో మిగిలేది 9 వాట్లే. రెండు కెమెరాలు, రెండు తెరలు వెలగడానికి అంతకు తక్కువ పట్టదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మిగులు సున్నా అన్నమాట.

పెద్ద లారీల విషయం వేరు. 2018లో మెర్సిడెస్ యాక్ట్రోస్ లారీకి పెద్ద అద్దాలు తీసేసి కెమెరాలు పెట్టారు. లోపల ముందు అద్దానికి రెండు పక్కల నిలువు తెరలు ఉంటాయి. లారీ పెద్ద అద్దం వెనక ఒక మనిషి పూర్తిగా దాగిపోగలడు. అది తీసేస్తే మలుపులో రోడ్డు దాటేవాడు నేరుగా కనిపిస్తాడు. ట్రెయిలర్ తిరుగుతుంటే తెర మీద దృశ్యమూ దానితో పాటు తిరుగుతుంది. అద్దం ఇది చేయలేదు. చీకట్లో వెనక బండి హెడ్‌లైటు కళ్లలో కొట్టకపోవడం ఇంకో మేలు.

ఇప్పుడు ఆ 1.8 మీటర్ల దగ్గరికి వద్దాం. కారు లోపలి తెర కంటికి 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దూరంగా రోడ్డు చూస్తున్న కన్ను అంత దగ్గరికి ఫోకస్ మార్చుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది లెక్క కాదు. మన బ్యాచ్ వాళ్లందరికీ చత్వారం వచ్చింది. దూరపు అద్దాల్లోంచి చూస్తే తెర మసక, చదువుకునే అద్దం కిందికి ఉంటుంది. కుంభాకార దర్పణం బొమ్మను చిన్నది చేసినా, దాన్ని మన కన్ను అందుకోగల దూరంలో ఉంచుతుంది. పైగా అద్దం ముందు తల కాస్త ముందుకు వంచితే దాగి ఉన్న చోటు కనిపిస్తుంది, తెర ముందు ఎంత వంగినా అదే దృశ్యం. కెమెరా బొమ్మ తెరకు చేరడానికి 200 మిల్లీసెకన్లలోపు ఆలస్యాన్ని నిబంధన ఒప్పుకుంటుంది. 100 కిలోమీటర్ల వేగంలో ఆ లోపు బండి ఐదున్నర మీటర్లు వస్తుంది. అద్దానికి ఆలస్యం లేదు, కరెంటు అక్కర్లేదు, పగిలినా సగం ముక్కలో సగం కనిపిస్తుంది.

నా అభిప్రాయం చెప్పమంటే, హైవే లారీలకు, దూరపు బస్సులకు కెమెరాలు రావాలి, అక్కడ ప్రాణాలు దక్కుతాయి. ఎడమ పక్క నుంచి స్కూటర్లు దూరే మన ఊళ్లలో, కారుకు అద్దం ఉంచి దానికి తోడుగా కెమెరా ఇస్తే చాలు. చత్వారం ఉన్న కంటికి తెర హాయిగా కనిపించే ఏర్పాటు వచ్చాక అద్దం తీసే మాట మాట్లాడుకోవచ్చు. ఆ ఏర్పాటు ఎవరు చేస్తారంటే, ఇప్పుడు మన బడిలో దర్పణ సూత్రం నేర్చుకుంటున్న పిల్లలే. హారౌన్ చోట పక్క మనిషిని తీసేసినప్పుడు తోటి డ్రైవర్లు అడిగిన ప్రశ్నే వాళ్లూ అడగాలి: కొత్త వస్తువు వల్ల బాగా కనిపించేది ఎవరికి, కనిపించక దెబ్బతినేది ఎవరు?

ఈలోగా మిత్రులకు ఒక మనవి. సభకు బండి మీద వచ్చేవాళ్లు మడిచిన అద్దాలు విప్పండి, పీకేసిన అద్దాలు బిగించుకోండి. గేటు దగ్గర వెనక్కి తీసేటప్పుడు ఒక తమ్ముణ్ణి దిగి "రానీ, రానీ" అనమనండి. పిల్లలు తిరిగే చోటు అది.