రోబోటిక్ టోటల్ స్టేషన్: కొనే ముందు సర్వేయర్ పరిశీలించవలసిన అంశాలు

భూమి కొలతలో అంగుళం తేడా కాగితం మీద స్వల్పమే. రెండు కమతాల నడుమ గట్టు మీదికి వచ్చేసరికి అదే ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యానికి మూలమవుతుంది. ఆ కొలతకు బాధ్యత వహించే ప్రైవేటు సర్వేయర్లు, నిర్మాణ సంస్థలు ఇటీవలి కాలంలో రోబోటిక్ టోటల్ స్టేషన్ల వైపు మొగ్గు చూపుతున్నారు. సాధారణ టోటల్ స్టేషన్‌తో పోలిస్తే వీటి ధర పలు రెట్లు అధికం. చిన్న సర్వేయర్‌కు ఇది రుణం తీసుకొని చేయవలసిన కొనుగోలు. కరపత్రంలో ముద్రించిన కచ్చితత్వపు అంకెను మాత్రమే చూసి కొన్నవారు తరువాత చింతించవలసి వస్తుంది.

పనిచేసే తీరు

కోణాన్ని కొలిచే ఎలక్ట్రానిక్ థియోడొలైట్, కాంతితో దూరాన్ని కొలిచే సాధనం, లెక్కలు కట్టి నిల్వచేసే చిన్న కంప్యూటర్ ఒకే పెట్టెలో కలిస్తే అది టోటల్ స్టేషన్. దానికి మోటార్లు, లక్ష్యాన్ని గుర్తించే వ్యవస్థ, రేడియో అనుసంధానం తోడైతే రోబోటిక్ రకం అవుతుంది. పరికరం పరారుణ కాంతిని పంపుతుంది. ప్రిజం నుంచి తిరిగివచ్చిన కాంతి లోపలి సెన్సర్‌పై ఎక్కడ పడిందో చూసుకొని, ప్రిజం కదిలిన వైపు తానే తిరుగుతుంది. ప్రిజం కర్ర పట్టుకున్న సర్వేయర్ చేతిలోని కంట్రోలర్ ద్వారా దానిని నడిపిస్తాడు. స్వీడన్‌కు చెందిన జియోట్రానిక్స్ సంస్థ 1990లో తెచ్చిన జియోడిమీటర్ సిస్టమ్ 4000 ఈ తరహా తొలి పరికరం. ప్రస్తుతం లైకా, ట్రింబుల్, టాప్‌కాన్, సొకియా వంటి పేర్లతో ఇవి లభిస్తున్నాయి.

ముందు అవసరాన్ని తేల్చుకోవాలి

ఒక్క మనిషితోనే సర్వే పూర్తవుతుందన్నది అమ్మకందారులు ముందుగా చెప్పే మాట. సహాయకుని వేతనం భారీగా ఉండే ఐరోపా దేశాలలో ఆ ఒక్క కారణంతోనే పరికరం ఖర్చు తిరిగి రావచ్చు. మన దేశంలో చైన్‌మన్ కూలి ఆ స్థాయిలో లేదు. పైగా రహదారి పక్కన ట్రైపాడ్ మీద లక్షల రూపాయల పరికరాన్ని ఒంటరిగా వదిలి రెండు వందల మీటర్లు వెళ్లడానికి ఎవరికీ మనసొప్పదు. పశువులు, ద్విచక్రవాహనాలు, కుతూహలపరులైన పిల్లలు, దొంగలు అందరినీ దృష్టిలో పెట్టుకోవాలి. కాపలాకైనా ఒక మనిషి ఉండి తీరాలి. కాబట్టి కూలి ఆదా లెక్కతో ఈ కొనుగోలును సమర్థించుకోవడం మన పరిస్థితులలో కష్టం.

అసలు ప్రయోజనం వేరే చోట ఉంది. అనుభవజ్ఞుడైన సర్వేయర్ పరికరం దగ్గర కాక, బిందువు దగ్గర నిలబడతాడు. ఒరిగిపోయిన సర్వే రాయి ఏ అంచును హద్దుగా తీసుకోవాలో, గట్టు ఎక్కడ దున్నేశారో తన కళ్లతో చూసి నిర్ణయిస్తాడు. దూరం నుంచి కేకలతో, సైగలతో చెప్పే సూచనలలో దొర్లే పొరపాట్లు తగ్గుతాయి. లేఅవుట్లలో ప్లాట్ల మూలలు గుర్తించడం, భవనాల పునాది స్తంభాలకు స్థానాలు నిర్దేశించడం వంటి పనులు గణనీయంగా వేగవంతమవుతాయి. ఆనకట్టలు, మెట్రో సొరంగాల కదలికలను రేయింబవళ్లు గమనించే పని అయితే మోటారు లేని పరికరంతో సాగదు.

ఇక ఆరుబయట పొలాల కొలతే ప్రధాన వృత్తి అయినవారు మొదట ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్‌ను పరిశీలించడం మేలు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన భూముల రీసర్వేలో డ్రోన్లు, నిరంతరం పనిచేసే కోర్స్ కేంద్రాలు, వాటితో అనుసంధానమైన రోవర్లే ముఖ్య సాధనాలు. అయితే కోనసీమ కొబ్బరితోటలలోనూ, మామిడి తోపులలోనూ, నగరంలో ఎత్తైన భవనాల నడుమ సందులలోనూ ఆకాశం సరిగా కనిపించక రోవర్ తడబడుతుంది. అక్కడ టోటల్ స్టేషన్‌కు ప్రత్యామ్నాయం లేదు. రోవర్‌తో నియంత్రణ బిందువులు స్థాపించి, లోపలి కొలత టోటల్ స్టేషన్‌తో చేయడం నేడు స్థిరపడిన పద్ధతి.

సెకన్ల లెక్క

కరపత్రాలలో పెద్ద అక్షరాలతో కనిపించేది కోణ కచ్చితత్వం. 1 సెకను, 2 సెకన్లు, 5 సెకన్లు అన్న తరగతులను బట్టి ధర మారుతుంది. ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. 100 మీటర్ల దూరంలో 5 సెకన్ల దోషం దాదాపు 2.4 మిల్లీమీటర్లకు సమానం. 1 సెకను అయితే అర మిల్లీమీటరుకు లోపే. 300 మీటర్ల దూరంలో 5 సెకన్లు 7 మిల్లీమీటర్లు దాటతాయి. సొరంగం, ఉక్కు నిర్మాణం, యంత్రాల బిగింపు వంటి పనులకు ఈ తేడా కీలకం. వ్యవసాయ భూమి హద్దుకు కాదు. అక్కడ సర్వే రాయి వెడల్పే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

పైగా 2 మీటర్ల ప్రిజం కర్ర నిలువు నుంచి 10 నిమిషాల కోణం మేర వాలితే, అంటే బుడగ కాస్త పక్కకు జరిగితే, కర్ర కొన దగ్గర దాదాపు 6 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 1 సెకను పరికరం కొని, బుడగ సరిదిద్దని కర్రతో కొలిచేవారు చెల్లించిన అదనపు సొమ్ము వృథా. వంపును తానే సరిచేసే ప్రిజం కర్రలు కూడా ఇప్పుడు లభిస్తున్నాయి. కొన్ని పనులకు అధిక కచ్చితత్వం గల పరికరం కంటే అటువంటి కర్ర మీద పెట్టిన ఖర్చే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఎండ, ప్రిజం, గ్రిడ్

మన ప్రాంతంలో అధిక దోషాలకు కారణం పరికరం కాదు, దానికి ఇవ్వని సమాచారం. కాంతి వేగం గాలి సాంద్రతను బట్టి మారుతుంది. ఉష్ణోగ్రత 1 డిగ్రీ మారితే దూరంలో సుమారు పది లక్షల్లో ఒక వంతు, అనగా కిలోమీటరుకు 1 మిల్లీమీటరు తేడా వస్తుంది. వాతావరణ పీడనంలో మూడున్నర హెక్టోపాస్కల్‌ల మార్పుకూ దాదాపు అంతే. చాలా పరికరాలు 12 నుంచి 20 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతను, సముద్రమట్టపు పీడనాన్ని ప్రమాణంగా పెట్టుకొని వస్తాయి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో, 45 డిగ్రీల మే నెల ఎండలో వాటిని మార్చకుండా కొలిస్తే కిలోమీటరుకు నాలుగు సెంటీమీటర్ల మేర దూరం తక్కువ చూపుతుంది. ఈ విలువలను సులువుగా నమోదు చేసే వీలు, లేదా సెన్సర్ ద్వారా స్వయంగా గ్రహించే ఏర్పాటు ఉందా అన్నది అడిగి తెలుసుకోవాలి.

ప్రిజం స్థిరాంకం విషయంలో జరిగే పొరపాటు ఇంకా తీవ్రమైనది. కొలవవలసిన బిందువుపై నిలిపిన కర్ర అక్షానికీ, ప్రిజం లోపల కాంతి తిరిగే బిందువుకూ మధ్య ఉండే తేడాయే ఈ స్థిరాంకం. ఒకే సంస్థ తయారు చేసిన గుండ్రని ప్రిజానికీ, అన్ని దిక్కుల నుంచీ కనిపించే 360 డిగ్రీల ప్రిజానికీ ఇది వేరువేరుగా ఉంటుంది. లైకా ప్రిజాలలో ఈ తేడా 23.1 మిల్లీమీటర్లు. ఒక సంస్థ పరికరానికి మరొక సంస్థ ప్రిజం తగిలిస్తే 30 మిల్లీమీటర్లకు పైగా దోషం రావచ్చు. అది ప్రతి కొలతలోనూ ఒకే రీతిగా చేరుతుంది కనుక కంటికి ఆనదు. ధర తక్కువని బజారులో విడిగా ప్రిజం కొనేవారు ఈ అంకెను రాయించుకోకుండా తీసుకోరాదు.

రోవర్‌తోనూ, డ్రోన్ పటంతోనూ కలిపి పనిచేసేవారికి గ్రిడ్ లెక్క తప్పనిసరి. యూటీఎం పటవిధానంలో మధ్య రేఖాంశం వద్ద దూరాలు 0.9996 రెట్లకు కుదించబడతాయి. ఆ రేఖాంశం 81 డిగ్రీలు; ఏలూరు దాదాపు దాని మీదనే ఉంది. అక్కడ నేల మీద కొలిచిన 1 కిలోమీటరు పటం మీద సుమారు 40 సెంటీమీటర్లు తగ్గి కనిపిస్తుంది. రెండు పరికరాలూ నిక్కచ్చిగా పనిచేసినా ఫలితాలు పొసగకపోవడానికి ఇదే కారణం. కంట్రోలర్‌లోని సాఫ్ట్‌వేర్ నేల దూరానికీ గ్రిడ్ దూరానికీ మధ్య మార్పిడి చేయగలదా, ఎత్తు సవరణను కలుపుకొంటుందా అన్నది కొనేముందే సొంత దత్తాంశంతో సరిచూసుకోవాలి.

ప్రిజాన్ని పట్టు వదలకుండా

ప్రిజాన్ని వెంబడించే శక్తి, పట్టు తప్పాక మళ్లీ వెతుక్కొనే వేగం రోబోటిక్ పరికరానికి ప్రాణం. లారీ అడ్డువచ్చిన ప్రతిసారీ నిమిషం పాటు వెతికే యంత్రం రోజంతా విసిగిస్తుంది. రహదారి సూచిక బోర్డులు, కార్మికుల మెరిసే జాకెట్లు, వాహనాల వెనుక రిఫ్లెక్టర్లు కూడా కాంతిని తిప్పి పంపుతాయి. పెద్ద నిర్మాణ స్థలంలో రెండు బృందాలు పనిచేస్తున్నప్పుడు పరికరం పొరుగువారి ప్రిజాన్ని పట్టుకొనే ప్రమాదమూ ఉంది. తనదైన గుర్తింపు సంకేతం పంపే ప్రిజం అటువంటి చోట ఉపయోగపడుతుంది.

రేడియో అనుసంధానానికి ఎక్కువగా వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి భారత్‌లో వాడుకదారు లైసెన్సు అక్కర్లేదు. కాని దిగుమతిదారు కేంద్ర వైర్‌లెస్ విభాగం నుంచి పరికర ఆమోదం పొంది ఉండాలి. విదేశం నుంచి తెలిసినవారి ద్వారా తెప్పించుకొనే పాత పరికరాలతో ఈ చిక్కు ఎదురుకావచ్చు.

నల్లరేగడి నేలలో ట్రైపాడ్ కాళ్లు మెల్లగా దిగుతాయి. పక్కన మనిషి లేనందున ఆ సంగతి తెలియదు. మట్టం తప్పితే కంట్రోలర్‌కు హెచ్చరిక పంపే ద్వంద్వాక్ష కాంపెన్సేటర్ ఉండాలి. మోటారు వేగంగా తిరిగినప్పుడు తేలికపాటి అల్యూమినియం ట్రైపాడ్ మెలితిరుగుతుంది కాబట్టి బరువైన చెక్క ట్రైపాడే తగినది.

మరమ్మతు ఎవరు చేస్తారు

1802లో మద్రాసు వద్ద ఆధారరేఖ కొలిచి మహా త్రికోణమితీయ సర్వేకు శ్రీకారం చుట్టిన విలియం లాంబ్టన్, 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి ఎత్తుతుండగా దెబ్బతిన్న తన అర టన్ను థియోడొలైట్‌ను తానే సరిచేసుకోగలిగాడు. నేటి సర్వేయర్‌కు ఆ అవకాశం లేదు. మోటారు, సెన్సర్ చెడితే అధీకృత కేంద్రానికి పంపవలసిందే. ఆ కేంద్రం ఏ నగరంలో ఉంది, విడిభాగం విదేశం నుంచి రావాలా, మరమ్మతు కాలంలో బదులు పరికరం ఇస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి. సంవత్సరానికొకసారి కాలిబ్రేషన్‌కు అయ్యే ఖర్చును, సాఫ్ట్‌వేర్ చందాను ధరలో కలిపి చూస్తే, తక్కువ ధరగా కనిపించిన పరికరం కొన్ని సందర్భాలలో ఖరీదైనదిగా తేలుతుంది.

ప్రదర్శనను షోరూమ్ ముందు కాక సొంత పని స్థలంలో, మధ్యాహ్నపు ఎండలో కోరాలి. ఒకే సరళరేఖపై మూడు బిందువులు గుర్తించి, మొదటి దాని నుంచి రెండవదానికి, రెండవదాని నుంచి మూడవదానికి ఉన్న దూరాల మొత్తం, మొదటి నుంచి మూడవదానికి నేరుగా ఉన్న దూరంతో సరిపోతుందో లేదో చూడాలి. సరిపోకపోతే స్థిరాంకంలో దోషం ఉన్నట్లు. ఒకే లక్ష్యాన్ని ఎడమ, కుడి ముఖాలతో చూసి కోణాల తేడాను, ఆటోమేటిక్ గురికీ కంటితో పెట్టిన గురికీ మధ్య తేడాను కూడా నమోదు చేసుకోవాలి. ఐఎస్ఓ 17123 ప్రమాణంలోని 3, 4 భాగాలు కోణ, దూర పరీక్షల పద్ధతిని నిర్దేశిస్తున్నాయి. ధ్రువపత్రంలో ఆ ప్రస్తావన లేని పాత పరికరానికి బయానా చెల్లించకపోవడమే మంచిది.