కవాతుకు ఎదురుగా: హాంబుర్గ్ నగరపు స్మారకాలు, ప్రతిస్మారకాలు

యుద్ధ స్మారకం చెప్పే మాటను ప్రశ్నిస్తూ దాని సమీపంలో వెలసే కళాకృతిని ‘ప్రతిస్మారకం’ అనవచ్చు. అటువంటి కృతి యుద్ధవ్యతిరేకమే అయివుంటుందని సహజంగా అనుకుంటాం. జర్మనీలోని హాంబుర్గ్ నగర చరిత్ర ఈ అభిప్రాయాన్ని సవరిస్తుంది. అక్కడ ఒక స్మారకానికి తొలి జవాబు చెప్పినవారు యుద్ధాన్ని కీర్తించినవారే.

మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన నగరవాసుల కోసం 1931లో పురపాలక భవనం ఎదుటి కూడలిలో 21 మీటర్ల శిలాస్తంభాన్ని నిలిపారు. నగర పుత్రులు నలభైవేలమంది మీకోసం ప్రాణాలిచ్చారన్న వాక్యం దానికి ఒకవైపు ఉంది. నీటివైపున్న రెండో ముఖంపై ఎర్న్‌స్ట్ బార్లాఖ్ రూపొందించిన శిల్పంలో బిడ్డను పొదువుకొన్న తల్లి కనిపిస్తుంది. వాక్యం త్యాగాన్ని చెబుతుంది, శిల్పం శోకాన్ని చూపుతుంది. రెండింటినీ ఒకచోట నిలబడి చూడలేం, చుట్టి రావాలి. అక్షరానికీ రూపానికీ నడుమ ఉన్న ఈ ఎడమే, నా దృష్టిలో, ఆ స్మారకపు అసలు బలం.

జాతీయవాదులు దీనిని సహించలేదు. 76వ పదాతి రెజిమెంటు మృతుల పేర 1936లో దామ్‌టోర్ వద్ద రిచర్డ్ కువోల్ చెక్కిన శిలాఖండం వెలసింది. దేశ మనుగడకు సైనికుని మరణాన్ని మూల్యంగా అంగీకరించే గేయపాదం దానిపై ఉంది. నలువైపులా 88 మంది సైనికులు వరుస తప్పక నడుస్తుంటారు. ఆ కవాతుకు మొదలూ లేదు, చివరా లేదు. నేలకొరిగినవాడు ఒక్కడూ కనిపించడు. ఇక్కడ అక్షరం, రూపం ఒకే మాట చెబుతాయి. 1938లో బార్లాఖ్ శిల్పాన్ని తొలగించారు, ఆ స్థానంలో డేగ బొమ్మ వచ్చింది. 1949లో తల్లి తిరిగి వచ్చింది కాని, కవాతు మాత్రం తొలగలేదు.

నిరసనకారులు దానిపై పలుమార్లు రంగులు చల్లారు. చివరకు నగరపాలన కూల్చివేతకు బదులు ఆస్ట్రియా శిల్పి ఆల్‌ఫ్రెడ్ హర్డ్‌లిచ్‌కాకు ప్రతిస్మారకాన్ని అప్పగించింది. తలపెట్టిన నాలుగు భాగాలలో రెండే వెలుగు చూశాయి: 1943 బాంబుదాడుల అగ్నితుఫానుపై 1985లో ఒకటి, 1945 మే 3న కాప్ అర్కోనా నౌకతోపాటు మునిగిన నిర్బంధ శిబిర ఖైదీలపై 1986లో మరొకటి. ఖర్చు విషయమై వివాదం రేగి పని ఆగిపోయింది. అసంపూర్ణతే దీని అర్థమని సమర్థించవచ్చు గాని, ఆ వాదన అంతగా నిలవదు. ఆగిపోయిన భాగాలలో ఒకటి ‘సైనికుని మరణం’. పౌరుల, ఖైదీల మరణాలు రూపం దాల్చాయి; కువోల్ దాచిన మరణం దాగే ఉండిపోయింది. పైగా నగరవాసులనూ, నాజీ రాజ్యం బంధించినవారినీ పక్కపక్కన నిలిపినప్పుడు బాధితులందరూ ఒకటేనన్న భ్రమకు చోటు దొరుకుతుంది.

2015లో ఈ రెండు కట్టడాల నడుమ మూడవది చేరింది. ఫోల్కర్ లాంగ్ రూపొందించిన ఈ త్రికోణ నిర్మాణం సైన్యాన్ని విడిచిపోయినవారికీ, నాజీ సైనిక న్యాయస్థానాలకు బలైన ఇతరులకూ అంకితం. దాని రెండు గోడలు కంచు అక్షరాల జాలీలు. కువోల్ వరుసలోనుంచి బయటికి నడిచిన ఆ మనిషికి ఇక్కడ శిల్పరూపం లేదు, అక్షరాలే ఉన్నాయి.