బతుకమ్మకు ఆగిన పద్దెనిమిది రోజులు

“పాస్‌పోర్టు తెచ్చినవా?”

2023 జులై. సంగారెడ్డి పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఓ మేడ మీది ఆడిటర్ ఆఫీసు. రిటర్నులకు నెలాఖరే గడువు కావడంతో బెంచీ మీద చోటు లేదు. జీతం కాగితాలు చేతిలో పట్టుకుని కూర్చున్న ఓ కాంట్రాక్టరు, సంచీ అడుగు నుంచి పాస్‌పోర్టు తీసిచ్చాడు. ఆడిటర్ సారు పేజీలు తిప్పుతూ ఒక ముద్ర దగ్గర ఆగారు. శంషాబాద్, 2022 అక్టోబరు 6.

“గిదేనా నువ్వు పోయిన తారీఖు?”

“అవును సార్. సెప్టెంబర్ 18కే టికెట్ ఉండె. పండుగ చేసుకుని పోదామని ఆగిన.”

సారు పెన్ను కింద పెట్టారు.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నుంచి గల్ఫ్‌కు వెళ్లొచ్చే కాంట్రాక్టు పనివాళ్ల బతుకుల్లోంచి అల్లిన కథనం ఇది. అందుకే ఇందులో పేర్లు లేవు. చట్టం మాత్రం నిజం.

ఆయన పాశమైలారం ఫార్మా యూనిట్లలో పైపులైన్ల పనులు పట్టేవాడు. పనులు తగ్గిన ఏడాదే ఒమన్‌లోని దుక్మ్ నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు వచ్చింది. మెడికల్ అయింది, వీసా పడింది. అప్పుడే ఎనిమిదో తరగతి కూతురు అడిగింది: “డాడీ, ఈసారి పువ్వు ఎవరు తెస్తరు?” భార్య ఏమీ అనలేదు. ఆయనే ఏజెంటుకు ఫోన్ చేసి టికెట్ వెనక్కి జరిపించాడు.

అక్టోబరు 3, సద్దుల బతుకమ్మ. తెల్లారకముందే బండి మీద కంది వైపు వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చాడు. తల్లీకూతుళ్లు తాంబాళంలో వరుస మీద వరుస పేరుస్తుంటే గునుగు కాడలు సమంగా కత్తిరించి అందించాడు. సాయంత్రం మహబూబ్‌సాగర్ చెరువు దాకా బతుకమ్మను తానే మోశాడు. ఎల్లుండి దసరా. ఆ మర్నాడు జేబులో జమ్మి ఆకుతో విమానమెక్కాడు.

ఆ పండుగనే ఇప్పుడు సారు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు.

“ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టు 31, సెప్టెంబర్ 30. అయింది 183. అక్టోబరువి ఆరు. మొత్తం 189.”

ఉద్యోగం కోసం దేశం దాటే భారతీయుడికి ఆదాయపు పన్ను చట్టం గీసిన గీత 182 రోజులు. ఆర్థిక సంవత్సరంలో అన్ని రోజులు ఇక్కడున్నవాడు ఆ ఏడాదికి నివాసి. అతడు ఏ దేశంలో సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. సెప్టెంబర్ 18నే వెళ్లి మార్చి దాకా తిరిగి రాకుంటే ఆయన లెక్క 171. అప్పుడు ఒమన్ బ్యాంకులో పడిన జీతానికి ఇక్కడ పన్ను ఉండేది కాదు.

ఇక్కడి పనుల మీద 4 లక్షలు. మార్చి దాకా ఒమన్ జీతం, మినహాయింపులు పోగా 9 లక్షలు. సెప్టెంబరులోనే వెళ్లి ఉంటే మొదటిదాని మీదే పన్ను. నివాసి కానివారికి రిబేటు లేదు కాబట్టి పాత విధానంలో సెస్సుతో 7,800 రూపాయలు. రెండూ కలిస్తే పాత విధానంలో సెస్సుతో 2,10,600 రూపాయలు, ఆపైన ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ.

“ఒమన్‌ల పన్నే లేదంటిరి కద సార్!”

“అక్కడ కట్టి ఉంటే ఇక్కడ తగ్గించుకునేటోళ్లం. కట్టనిదాన్ని ఏం చూపిస్తం? అక్కడి బ్యాంకు ఖాతా కూడ రిటర్నుల రాయాలె. దాస్తే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది.”

గల్ఫ్ డబ్బుకు పన్ను లేదన్న మాట ఆయనొక్కడిదే కాదు, ప్రతి గల్ఫ్ ఇంట్లోనూ ఉన్నదే. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారతీయుణ్ని ఇక్కడి నివాసిగా లెక్కిస్తామని 2020 బడ్జెట్ అన్నప్పుడు ఆ ఇళ్లు ఉలిక్కిపడ్డాయి. పనికోసం వెళ్లినవారి గల్ఫ్ సంపాదన జోలికి రాబోమని ఫిబ్రవరి 2న కేంద్రం వివరణ ఇచ్చింది. జనం చెవిన నిలిచింది ఆ మాటే. 182 రోజుల గీత మాత్రం అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది.

పన్ను ఉన్న దేశానికి వెళ్లినవారి చిక్కు ఇంకోలా ఉంటుంది. ఇక్కడి కంపెనీ ఆస్ట్రియాకు పంపిన ఒక ఉద్యోగి కేసు 2021లో హైదరాబాద్ ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ ముందుకొచ్చింది. అక్కడి పన్ను నివాస ధ్రువపత్రం తేలేదని అధికారులు రెండు దేశాల ఒప్పందం కింది మినహాయింపును కాదన్నారు. కరోనా రోజుల్లో ఆ పత్రం తేవడం సాధ్యం కాలేదన్న మాటను ట్రిబ్యునల్ మన్నించింది. ఒక్క కాగితం కోసం మనిషి అంతదూరం పోవాల్సి వచ్చింది.

గల్ఫ్‌కు పోయేవాళ్లకు మన దగ్గర రక్తం పరీక్షిస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, ఫొటో వెనక తెలుపు సరిగా ఉందో లేదో చూస్తారు. ఏ తారీఖున పోతున్నావు, ఈ ఏడాది ఇక్కడ ఎన్ని రోజులున్నావు అని మాత్రం ఎవరూ అడగరు. ఎక్స్‌రే దగ్గర నిలబెట్టినప్పుడే ఈ రెండు ప్రశ్నలు వేస్తే చాలు, ఎన్నో ఇళ్ల కష్టార్జితం నిలుస్తుంది. ఒమన్ సైతం 42,000 రియాళ్లు దాటిన ఆదాయంపై 2028 నుంచి 5 శాతం పన్ను వేయబోతోంది. ఈ లెక్క నేర్చుకోక తప్పదు.

ఆడిటర్ దగ్గర్నుంచి వచ్చిన ఆ రాత్రి, సంగతి తెలిసి భార్య కంటతడి పెట్టింది. “మేం ఆపకపోతే బాగుండె.” ఆయన ఒప్పుకోలేదు.

వారం తర్వాత రెండో కాంట్రాక్టు కాగితంతో మళ్లీ మేడ మెట్లెక్కాడు. ఈసారి కూర్చోకముందే అడిగాడు: “ఎప్పటిలోపు పోవాలె సార్?”

సారు మళ్లీ పాస్‌పోర్టు తెరిచారు. జూన్ 28న తిరిగొచ్చిన ముద్ర. ఏప్రిల్, మే, దాదాపు జూనంతా దుక్మ్‌లోనే గడిచింది. గోడ మీది క్యాలెండరు తిప్పారు. సద్దుల బతుకమ్మ అక్టోబరు 22, దసరా 23.

“24న పో. అప్పటికి 119 రోజులే అయితయి. మార్చి దాకా మళ్ల ఇటు రాకు. జీతం అక్కడి ఖాతాలనే పడనియ్యి.”

“అంటే పండుగకు...”

“ఉండు. పువ్వు తేవాలె గద.”