పులిసిందా, పొంగిందా?

‘పిండి కొద్దీ రొట్టె’ అంటాం. ఈ సామెతలో పిండి అంటే డబ్బాలో ఉన్న పొడిపిండా, పళ్ళెంలో తడిపి పెట్టిన ముద్దా? ఎవరినడిగినా రెండూ అనే చెబుతారు. తెలుగులో విసిరినా పిండే, రుబ్బినా పిండే, నీళ్ళు పోసి కలిపినా పిండే. వరిపిండి పొడి, అట్లపిండి జారు, చపాతీపిండి ముద్ద. మూడింటికీ పేరు ఒకటే. తెలంగాణలో ఈ మాట పొయ్యి మీద నుంచి దిగాక కూడా ఆ వంటకాన్ని వదల్లేదు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు వేసి కలిపి, సర్వ అనే గిన్నె లోపలి అంచులకి అద్ది, ఎర్రగా కాల్చి తీస్తే అది సర్వపిండి. ఆంధ్రలో బియ్యపు రవ్వతో చేసే ఉప్పుడుపిండి కూడా అంతే. కంచంలోకి వచ్చాక కూడా దాని పేరులో పిండి ఉంటుంది.

ఇంగ్లీషులో దీనికి మూడు మాటలున్నాయి: ఫ్లోర్, బ్యాటర్, డో. ఇంట్లో బ్రెడ్డు చేసుకోవడం మొదలుపెట్టిన మనవాళ్ళు మూడోదాన్ని తెచ్చుకున్నారు. ‘డో కలిపి పక్కన పెట్టండి’, ‘డో డబుల్ అయ్యేదాకా ఆగండి’ అని రాస్తున్నారు, చెబుతున్నారు. పరాయి మాట వాడితే నాకు అభ్యంతరం లేదు. బన్ను, కేకు, బిస్కెట్టు వచ్చి మన మాటలైపోయాయి. ‘డో’ దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. ఆ ఒక్క నామవాచకాన్ని తెచ్చుకునే హడావిడిలో, మన వంటింట్లో అప్పటికే ఉన్న అరడజను క్రియల్ని వాడకుండా పక్కన పెట్టేశాం. రొట్టె పని నడిచేది ఆ క్రియల మీదే.

ముందు ‘డో’ పుట్టుక చూద్దాం, ఎందుకంటే అది మనకి పూర్తిగా పరాయిది కాదు. దాని పాత ఇంగ్లీషు రూపం ‘డాగ్’. బంకమట్టిని, మెత్తని ముద్దని చేత్తో మలచడం అనే అర్థమున్న ఒక ఇండో యూరోపియన్ ధాతువు నుంచి అది వచ్చింది. సంస్కృతంలో అదే ధాతువు ‘దిహ్’, అంటే పూయడం, అలకడం. దాని నుంచి వచ్చిందే మన ‘దేహం’. అంటే బేకరీలో డో, వేదాంతంలో దేహం ఒక తల్లి బిడ్డలు. ‘లేడీ’ అనే మాటలో దాగిందీ ఇదే ధాతువు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి రొట్టె పిసికే ఆవిడ అని అర్థం. ఇంటి యజమానురాలికి అంతకంటే గౌరవమైన పేరు వాళ్ళకి తోచలేదు.

మనవైపు కూడా పిండి దేహానికి దగ్గరగానే తిరిగింది. సంస్కృతంలో పిండం అంటే ముద్ద. పితరులకి పెట్టే అన్నం ముద్దా పిండమే, కడుపులో పడ్డ నలుసూ పిండమే. పిండాండం, బ్రహ్మాండం అన్నప్పుడు శరీరమే పిండం. ఇక ‘పిష్’ అంటే నూరడం. దాని నుంచి వచ్చిన ‘పిష్టం’ నూరిన పిండి. ఆ ధాతువుకి లాటిన్‌లో ఉన్న చుట్టం నుంచి ‘పిస్టోర్’ వచ్చింది. మొదట ధాన్యం దంచేవాడు పిస్టోర్, తర్వాత రోమ్‌లో రొట్టెలు కాల్చేవాడు పిస్టోర్. దంచడం దగ్గర మొదలైన మాట కాల్చడం దాకా నడిచింది, మన సర్వపిండిలో పిండి నడిచినట్టే.

తెలుగు ‘పిండి’ పక్కనే ‘పిండు’ అనే క్రియ ఉంది. గుడ్డ పిండుతాం, నిమ్మకాయ పిండుతాం. నువ్వుల నుంచి గానుగలో నూనె పిండాక మిగిలేది తెలగపిండి. మెత్తగా నూరడం, గట్టిగా ఒత్తడం, ముద్దగా చేయడం, ఈ మూడు పనుల నీడలూ ‘పిండి’ మీద పడుతున్నాయి. అందుకే ఆ మాట ఒక పదార్థాన్ని గాక, చేతి కింద మారుతూ ఉండే దాన్ని చెబుతుందని నాకు అనిపిస్తుంది. అది ఏ దశలో ఉందో చెప్పడానికి వేరే మాటలున్నాయి. దోసెకి పిండి గరిటజారుగా ఉండాలి, పూరీకి గట్టిగా ఉండాలి, బొబ్బట్ల తోపుకి సాగేలా ఉండాలి. అన్నిటికీ కలిపి ‘పదును’ ఉంది. వాన పడ్డ నేలకి ఏ మాట వాడతామో, పాకానికి ఏ మాట వాడతామో, పిండికీ అదే.

ఇప్పుడు రొట్టె సంగతి. మూడు నాలుగు రోజులు ఇంటికి పనికొచ్చే పిండి ఒకటే కలుపుకోవాలంటే నేను నమ్మే కొలత ఇది: మైదా 500 గ్రాములు, నీళ్ళు 325, పంచదార 20, నూనె 20, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5. ఇందులో సగం ముద్ద ఒక చిన్న బ్రెడ్డుకి సరిపోతుంది. మిగతా సగంతో ఆరేడు బన్నులు చేసుకోవచ్చు, లేదా రెండు పిజ్జాలు పరుచుకోవచ్చు. బేకరీవాళ్ళు ఈ లెక్కని శాతాల్లో చెబుతారు. అయితే మొత్తం ముద్దని నూరు అనుకోరు, ఒక్క పిండినే నూరు అనుకుంటారు. నీళ్ళు 65, ఉప్పు 2, ఈస్ట్ 1. అన్నీ పిండిని బట్టే. ‘పిండి కొద్దీ రొట్టె’ని ఇంత అక్షరాలా పాటించే లెక్క ఇంకోటి నాకు తెలియదు. మైదాలో సగం తీసేసి మర పట్టించిన గోధుమపిండి వేస్తే నీళ్ళు ఇంకో పాతిక గ్రాములు పడతాయి. రాళ్ళ మధ్య గట్టిగా నలిగిన గోధుమలో పిండిరేణువులు చిట్లిపోయి ఎక్కువ నీళ్ళు పీలుస్తాయి. తవుడు కూడా తన వంతు తాగుతుంది.

నీళ్ళు పోశాక మొదటి క్రియ ‘తడపడం’, రెండోది ‘నానడం’. ఫ్రెంచి రొట్టెల నిపుణుడు రేమండ్ కాల్వెల్ 1974లో ఒక పద్ధతి చెప్పాడు: పిండిని నీళ్ళతో తడిపి, ఏమీ చేయకుండా కాసేపు వదిలేసి, ఆ తర్వాతే పిసకాలి. అలా వదిలేస్తే పిసికే శ్రమ తగ్గుతుంది. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఆటోలిజ్’. బొబ్బట్లు చేసే ఇంట్లో దీన్ని ‘తోపు నానడం’ అంటారు. మైదా జారుగా కలిపి, మీద నూనె పోసి, రెండు మూడు గంటలు వదిలేస్తే, వేలికి చుట్టుకున్న పిండి తెగకుండా పొరలా సాగుతుంది. అలా సాగనిచ్చేది గోధుమలోని జిగురు. దాని శాస్త్రీయనామం గ్లూటెన్, లాటిన్‌లో జిగురు అనే అర్థం. బొలోన్యా పండితుడు బెకారి 1728లో దాన్ని గోధుమపిండి నుంచి వేరుచేసి చూపించాడు. మీరూ చూడవచ్చు. నిమ్మకాయంత చపాతీపిండిని నీళ్ళలో మెల్లగా పిసుకుతూ కడిగితే తెల్లటి నీళ్ళు దిగిపోతాయి, చేతిలో బూడిదరంగు రబ్బరు లాంటిది మిగులుతుంది. రొట్టెలో గాలిని పట్టి ఉంచేది అదే.

ఇక అసలు రెండు మాటలు: పులవడం, పొంగడం.

మన వంటింట్లో ఈ రెండూ జంటగానే తిరుగుతాయి. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి పొద్దున చూసి ‘పులిసింది’ అన్నా, ‘పొంగింది’ అన్నా ఒకే సంగతి. దానికి కారణం ఉంది. ఇడ్లీపిండిలో పని చేసేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. అది ఆమ్లాన్నీ ఇస్తుంది, గాలినీ ఇస్తుంది. పులుపూ పొంగూ ఒకే చేతి మీదుగా వస్తాయి కాబట్టి భాషకి వాటిని విడదీయాల్సిన అవసరం రాలేదు. అట్లపిండితో వేసే రాయలసీమ గుంత పొంగణాల పేరు పొంగుని పట్టుకుంటే, ‘పులిసిన అట్టు’ పులుపుని పట్టుకుంది. తెలుగు బైబిల్లో ఒకచోట పొంగని రొట్టెలు, ఇంకోచోట పులియని రొట్టెలు అని కనిపిస్తుంది. రెండూ ఒకదాన్నే చెబుతున్నాయి, చదివేవాళ్ళకి ఎక్కడా తడబాటు కలగదు.

పొట్లంలో వచ్చే ఈస్ట్ ఈ జంటని విడదీసింది. ఈస్ట్ పిండిలోని చక్కెరని తిని బొగ్గుపులుసు వాయువుని, కొద్దిగా ఆల్కహాల్‌ని వదులుతుంది. పుల్లదనం తెచ్చే ఆమ్లాలు దాని పని కాదు, అవి లాక్టిక్ బ్యాక్టీరియావి, వాటికి చాలా సమయం కావాలి. అందుకే మన ఎండల్లో ఈస్ట్ వేసిన పిండి గంట తిరక్కుండానే గిన్నె అంచుకి వస్తుంది. అది పొంగింది, పులవలేదు. ఆ పిండితో వెంటనే రొట్టె కాలిస్తే మెత్తగా వస్తుంది, రుచి మాత్రం చప్పగా ఉంటుంది. చాలామంది ఇంటి బ్రెడ్డు గురించి ‘బాగానే వచ్చింది కానీ ఏదో తక్కువైంది’ అనేది ఇందుకే. పొంగు చూసి పులుపు కూడా వచ్చేసిందనుకుంటారు. ఇడ్లీపిండి నేర్పిన అలవాటు అది.

దానికి మందు ఫ్రిజ్. పిసికిన ముద్దని అరగంట బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే, ఆ చలిలో ఈస్ట్ బాగా నెమ్మదిస్తుంది. పొంగు తగ్గి పిండికి రుచి కూడే సమయం దొరుకుతుంది. మొదటి రోజు ఆ పిండి పిల్లల బన్నులకి బాగుంటుంది. మర్నాటికి, మూడోనాటికి కొంచెం పులుపు పట్టి, బుడగలు పెద్దవై, చేతికి కాస్త అంటుకుంటూ, పిజ్జాకీ పెనం మీద కాల్చుకునే మందపు రొట్టెకీ బాగా కుదురుతుంది. నాలుగు రోజులు దాటితే జిగురు సడలిపోతుంది, పులుపు ఉంటుంది కానీ పొంగు రాదు. అంటే ఒకే ముద్ద మొదట పొంగి పులవని పిండి, తర్వాత పొంగీ పులిసిన పిండి, చివరికి పులిసీ పొంగని పిండి అవుతుంది. ‘డో ప్రూఫ్ అయింది’ అన్న మాటతో ఈ మూడూ చెప్పలేం. తెలుగులో వంట రాసేవాళ్ళు ‘పొంగేదాకా ఆగండి’ అనో, ‘పులిసేదాకా ఆగండి’ అనో తేల్చి రాస్తే, చదివినవాళ్ళు గిన్నెలో ఏం చూడాలో, ఏం వాసన చూడాలో తెలుసుకుంటారు. పొంగు కంటికి తెలుస్తుంది, పులుపు ముక్కుకి తెలుస్తుంది.

ఇంకో మాట కూడా మన దగ్గర సిద్ధంగా ఉంది. పాత పిండిలోంచి కొంత తీసి కొత్త పిండిలో కలపడం రొట్టెల దేశాలన్నిటా ఉన్న పద్ధతి. ఇంగ్లీషులో దాన్ని స్టార్టర్ అంటున్నారు, మనవాళ్ళూ అదే అంటున్నారు. పాలని పెరుగు చేయడానికి వేసే చెంచాడు పెరుగుని మనం ‘తోడు’ అంటాం. పాలు తోడుకున్నాయి, తోడు పుల్లగా ఉంది, పక్కింటి నుంచి తోడు తెచ్చాం. జరిగే పని అక్కడా ఇక్కడా ఒకటే: నిన్నటి సూక్ష్మజీవులు ఇవాళ్టి పదార్థంలోకి చేరడం. కాబట్టి ఆ పాత ముద్దకి ‘తోడుపిండి’ అనే పేరు చక్కగా అతుకుతుంది. ఉప్పు, ఈస్ట్ కలిపి పిసికిన పిండిలోంచి 100 గ్రాముల ముద్ద తీసి, మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచుకోండి. రెండు మూడు రోజుల్లో మళ్ళీ 500 గ్రాముల పిండి కలిపేటప్పుడు ఈ తోడుపిండిని చిన్న ముక్కలుగా తుంపి నీళ్ళలో వేసి, ఈస్ట్‌ని సగానికి తగ్గించి, పొంగడానికి దాదాపు రెండింతల సమయం ఇవ్వండి. పిసికాక అందులోంచి ఇంకో 100 గ్రాములు మళ్ళీ తోడుకి తీసి పెట్టుకోండి.